శ్రీవల్లి మేడం కుర్చీ, నా కుళ్ళు

చేతులు కట్టే ఆట

సంస్థల్లో మార్పు ఎలా తేవాలి, మనుషులు దాన్ని ఎందుకు అడ్డుకుంటారు, వాళ్లను ఎలా ఒప్పించాలి అన్నది ఎంబీఏ పిల్లలకు ఒక సబ్జెక్టు. చేంజ్ మేనేజ్‌మెంట్ అంటారు. మొయినాబాద్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై రెండేళ్లు నేను చెప్పింది అదే. ఈ మధ్యనే రిటైరయ్యాను. ఈ సబ్జెక్టు చెప్పడానికి కొత్తగా చేరుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సిలబస్ గురించి రాయను, అది నెట్‌లో దొరుకుతుంది. నేను డిపార్ట్‌మెంట్ హెడ్ ఎలా అయ్యానో కూడా రాయను, అందులో మీరు నేర్చుకునేదేమీ లేదు. క్లాసులో ఆడించే ఆటల గురించి, వాటి మూలంగా నేను ఎంత కుళ్ళుకున్నానో దాని గురించి మాత్రం దాచకుండా రాస్తాను.

మొదటి రోజు అందరూ చేతులు కట్టే ఆటే ఆడిస్తారు. చేతులు కట్టుకోమంటాం, కట్టుకుంటారు. పైనున్న చెయ్యి కిందికి, కిందున్నది పైకి వచ్చేట్టు మళ్ళీ కట్టుకోమంటాం. సగం మంది తికమకపడి నవ్వేస్తారు. చూశారా, ఇంత చిన్న మార్పుకే ఒళ్ళు ఎదురు తిరిగింది, ఆఫీసంతా మారితే ఎలా ఉంటుందో ఆలోచించండి అని పాఠంలోకి దిగుతాం.

ఇంకో ఆట ఉంది. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి, వెనక్కి తిరిగి తమ మీద ఐదు మార్పులు చేసుకోమంటాం. ఒకరు గడియారం చెయ్యి మారుస్తారు, ఒకరు చున్నీ ఇంకో భుజం మీద వేసుకుంటారు. ఏం మారిందో ఎదుటివాళ్లు కనిపెట్టాలి. అయిపోయింది, కూర్చోండి అనగానే ఎవరూ చెప్పకుండానే గడియారాలన్నీ పాత చేతికి వెళ్లిపోతాయి. తెచ్చిన మార్పు ఎందుకు నిలవదో చెప్పడానికి ఇంతకంటే సులువైన దారి నాకు దొరకలేదు. ఈ ఆటను ఇప్పటికీ ఆడించమనే చెప్తాను.

నేను చేరిన కొత్తలో ఉన్న ప్రిన్సిపాల్ షాబాద్ మనిషి. ఫిజిక్స్ చెప్పేవారు. ఒకసారి నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చేతుల ఆట చూశారు. బయటికి వచ్చాక అన్నారు, "పిల్లలు మంచిగ నవ్విండ్రు ప్రభుదాస్. గని చెయ్యి ఇట్ల కట్టుమన్నవ్, అట్ల కట్టుమన్నవ్. ఎందుకు కట్టాలె సార్ అని ఒక్కడన్న నిన్ను అడిగిండా?"

నాకు ఒళ్ళు మండింది. ఫిజిక్స్ ఆయనకు మేనేజ్‌మెంట్ ఏం తెలుసులే అనుకున్నాను. ఆయన వెళ్లిపోయాక ఇంకో పదిహేనేళ్లు అదే ఆట, అదే జోకు, అదే వరసలో నడిపించాను.

పక్క గది

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు శ్రీవల్లి మేడం చేరింది. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ కుటుంబం. ఏదో ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో కొన్నేళ్లు చేసి, విసుగొచ్చి పాఠాలు చెప్పడానికి వచ్చింది. నా సబ్జెక్టులోనే రెండో సెక్షన్ ఆమెకు ఇచ్చారు. నా గదికీ ఆమె గదికీ మధ్య ఒక్క గోడ.

ఆమె చేతులు కట్టించలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బోర్డు ముందు వేసింది. పని మారిపోయిన మనిషి ఒకరు వారానికోసారి వచ్చి అందులో కూర్చోవాలి. మేనేజర్లు, గెస్టు లెక్చర్లు కాదు. పిల్లల ఇళ్లలోంచే, అమ్మో బాబాయో పక్కింటామో ఎవరో ఒకరు. పిల్లలు నలభై నిమిషాలు వాళ్లను ప్రశ్నలు అడగాలి. ప్రశ్నలు మాత్రమే. మీరు ఇలా చేసి ఉండాల్సింది అని ఎవరైనా నోరు జారారో, గంట కొట్టేదాకా గోడ పక్కన నిలబడాలి. కుర్చీలో ఉన్న మనిషికి ఒకటే నియమం: ఇష్టం లేకపోతే చెప్పను అనొచ్చు, అబద్ధం చెప్పకూడదు. ఆ మనిషి వెళ్లాక, మార్పు ఎవరు తెచ్చారు, ఎవర్ని అడిగి తెచ్చారు, ఎవర్ని అడగలేదు అన్నది పిల్లలు పుస్తకంలో రాయాలి.

మొదట వచ్చింది భాగ్యమ్మ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. నేను ఏదో పని ఉన్నట్టు వరండాలో నిలబడి విన్నాను. కాగితం టికెట్లు పోయి మిషన్ వచ్చిన రోజుల గురించి పిల్లలు అడుగుతున్నారు.

"ఆరు నెలల దాక నా వేళ్లు టికెట్ల కట్టనే దేవులాడినయ్ బిడ్డా," అంది ఆమె.

"అప్పుడు ఎవరి మీద కోపమొచ్చిందమ్మా?" అని ఎవరో అడిగారు.

"నా వేళ్ల మీదనే వచ్చింది. ఇంకెవరి మీద వస్తది?"

తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలో కూడా చప్పుడు లేదు. నా క్లాసులో నవ్వు ఉండేది, అల్లరి ఉండేది, పరీక్షల ముందు భయం ఉండేది. అలాంటి మౌనం మాత్రం ఒక్కరోజూ లేదు. గోడకు ఇవతల నిలబడి దాన్ని విన్నాను, కడుపు మండింది. ఈ మాటకు మర్యాదైన మాట వెతుక్కోను.

అసలు మంట ఎక్కడంటే, ఆ భాగ్యమ్మ మా చేవెళ్ల మనిషి. మా ఇల్లు చర్చి వెనక బజారులో, ఆమెది ఆ పక్క బజారులో. ఆమె టికెట్ కొట్టిన బస్సులోనే నేను ఏళ్ల తరబడి కాలేజీకి వెళ్లాను. చేతిలో చేంజ్ మేనేజ్‌మెంట్ పుస్తకం పెట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె ముందు మిషన్ వచ్చింది, ఆమె వేళ్లు తడబడ్డాయి, నేను పుస్తకం చదువుకున్నాను. మా ఊరి మనిషిని నేను అడగని ప్రశ్నను ఎక్కడినుంచో వచ్చిన ఆమె అడిగించింది.

ఆ తర్వాత నా సెక్షన్ పిల్లలు నలుగురైదుగురు ఆమె సెక్షన్‌కు మారతామని అర్జీలు పెట్టుకున్నారు. టైంటేబుల్ కుదరదని తిప్పికొట్టాను. కుదురుతుంది, కానీ కుదరదన్నాను. ఇంటికొచ్చి చెప్తుంటే నా భార్య సుగుణ చిక్కుళ్లు వలుస్తూ నవ్వింది.

"గామె పేరు ఇయ్యాల ఎన్నోసారి తీసినవ్? నా పేరు గిన్నిసార్లు ఎన్నడన్న తీసినవా?"

నేను వేసిన కుర్చీ

తర్వాతి ఏడాది నేనూ కుర్చీ వేశాను. ఆమె దగ్గర నేర్చుకున్నానని ఎవరికీ చెప్పలేదు. సుగుణ తమ్ముడు డేవిడ్‌ను పిలిచాను. అతనికి చేవెళ్లలో సొంత టైలరు దుకాణం ఉండేది. మూసేసి, ఇప్పుడు ఒక రెడీమేడ్ షాపులో ప్యాంట్లు పొట్టివి పొడుగువి చేసే పని చేస్తున్నాడు.

"అంకుల్, దుకాణం మూసినప్పుడు ఎట్ల అనిపించింది?" అని ఒకమ్మాయి అడిగింది.

డేవిడ్ నోరు తెరిచాడు. "దీన్నే మనం డినయల్ స్టేజ్ అంటం, మార్పును ఒప్పుకోలేని దశ," అన్నాను నేను. మార్పు వచ్చినప్పుడు మనిషి మనసు ఎలా కుంగి మళ్ళీ లేస్తుందో చూపే గీత బోర్డు మీద గీశాను. రెండో ప్రశ్నకు ఆ గీత ఎక్కడ దిగుతుందో, ఎక్కడ లేస్తుందో చూపించాను. మూడో ప్రశ్న వచ్చేసరికి పావుగంట అయింది.

"బావా, అన్నీ నువ్వే చెప్తున్నవ్," అన్నాడు డేవిడ్. "నన్నెందుకు పిల్చినవ్ మరి? షాపుల ప్యాంట్లు కుప్ప పడి ఉన్నయ్."

క్లాసంతా గొల్లున నవ్వింది. అతను లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మా వంటింట్లో టీ తాగుతూ అతను సుగుణతో చెప్పిన మాట నాకు ముందు గదిలోకి వినిపించింది. సొంత దుకాణంలో ఉన్నప్పుడు కొలత తీస్తూ మనిషి ముఖం చూసేవాడట. ఇప్పుడు ప్యాంటు ఒక్కటే వస్తుందట, దాని మనిషి రాడట. క్లాసులో రావలసిన మాట అది. సుగుణ అడిగి ఊరుకుంది కాబట్టి చెప్పాడు.

ఈ ఆట ఆడించాలనుకునే వాళ్లకు ఇందులో ఒక్కటే చెప్పేది ఉంది. దీనికి కుర్చీ కష్టం కాదు, మనిషి దొరకడం కష్టం కాదు. మాస్టరు నోరు మూసుకోవడమే కష్టం. నాకది చేతకాలేదు. చేతకాని పనిని పక్క గదిలో ఒకామె సునాయాసంగా చేస్తుంటే, నేర్చుకుందామని కాకుండా ఆపిద్దామని బుద్ధి పుట్టింది.

సర్క్యులర్

నా చివరి ఏడాదిలో ఒక బుధవారం స్టాఫ్ రూములో శ్రీవల్లి మేడం సంతోషంగా వచ్చి నా ముందు కూర్చుంది.

"సార్, రేపు మా సెక్షన్ స్వప్న వాళ్ల నాన్నగారు వస్తున్నారు. అజీజ్‌నగర్‌లో వాళ్ల పొలం అమ్మారు కదా, ఆ పొలంలోనే రిసార్ట్ కట్టారట. ఆయన అక్కడే వాచ్‌మన్. ఇప్పుడు ఆ రిసార్ట్ యజమానులూ మారారట. ఒక్క మనిషికి ఇన్ని మార్పులు చూడండి. మీరూ వచ్చి వినండి సార్."

ఆమె నన్ను మనస్ఫూర్తిగా పిలిచింది. అదే నాకు మరీ మంట పుట్టించింది. ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఈయన వేరే ఆయన, క్లాసు ఎలా ఉన్నా ఫొటోలు బాగా వస్తే చాలనే మనిషి, తనిఖీ అంటే చచ్చే భయం.

"సార్, ఆడపిల్లలున్న కాలేజి," అన్నాను. "ఎవరెవరో క్లాసులల్లకు వస్తున్నరు. ఐడీ లేదు, పర్మిషన్ లేదు. రేపేదన్న అయితే మీ మెడకే చుట్టుకుంటది."

ఆయన ముఖం మారిపోయింది. "మీరే ఒక సర్క్యులర్ రాసియ్యండి ప్రభుదాస్ గారు, సంతకం పెడతా."

అక్కడే కూర్చుని రాశాను. ముందస్తు రాతపూర్వక అనుమతి లేని సదరు వ్యక్తులను గేటు వద్దనే ఆపవలెను. చూడటానికి బాగుండాలని, సీనియర్ అధ్యాపకులు రిజిస్టరులో సంతకం చేసిన పక్షంలో అనుమతించవచ్చును అని ఇంకో వాక్యం కూడా కలిపాను.

మర్నాడు పొద్దున నేను బస్సు దిగేసరికి, మా గేటు మనిషి తన కుర్చీ ఒకాయనకు ఇచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన నర్సింలు, స్వప్న తండ్రి. మడతలు కనిపించే కొత్త తెల్ల చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి లేచాడు.

"నమస్తే సార్. స్వప్న వాళ్ల బాపును. మేడం క్లాసుల మాట్లాడాలె అన్నరు. డ్యూటీ మార్చుకొని వచ్చిన. ఈ అన్న లోపటికి పోనిస్తలేడు. జర మీరు చెప్తరా?"

గేటు మనిషి ఆశగా నావైపు చూశాడు. రిజిస్టరు బల్ల మీదే ఉంది, పెన్ను నా జేబులోనే ఉంది.

"కూసోండ్రి, మేడంకు చెప్త," అన్నాను. చెప్పలేదు. నా క్లాసుకు వెళ్లి చేతులు కట్టించాను.

శ్రీవల్లి మేడంను పొద్దున్నే ప్రిన్సిపాల్ పిలిపించి, ఇన్నాళ్లూ అనుమతి ఎందుకు తీసుకోలేదో వివరణ రాయమని కూర్చోబెట్టారు. ఆమె బయటపడేసరికి నర్సింలు మధ్యాహ్నం దాకా చూసి వెళ్లిపోయాడు. వరండాలో స్వప్న ఆమెను నిలదీయడం నేను కళ్లారా చూశాను.

"తప్పు నాదే స్వప్నా, ముందే పర్మిషన్ తీసుకోవాల్సింది," అంటోంది మేడం.

"అందరి వాళ్లు వచ్చినప్పుడు పర్మిషన్ అక్కర పడలే కద మేడం. మా బాపు వాచ్‌మన్ అనే కద?"

ఆ పిల్ల మొదటి బెంచీ వదిలి చివరి బెంచీకి వెళ్లిపోయింది. క్లాసులో నోరు విప్పడం మానేసింది. శ్రీవల్లి మేడం కొన్ని వారాలు కుర్చీ వెయ్యనే లేదు. నాకు సంతోషం వేసింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ వారమంతా నేను బాగా భోంచేశానని, బాగా నిద్రపోయానని రాయకపోతే మిగిలిందంతా రాసి లాభం లేదు.

నా వంతు

రెండు నెలల తర్వాత నా రిటైర్మెంట్ వారం వచ్చింది. శ్రీవల్లి మేడం ఒక కాగితం తెచ్చి చూపించింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టడానికి ప్రిన్సిపాల్ ఇచ్చిన రాతపూర్వక అనుమతి.

"ఈ వారం మీకంటే పెద్ద మార్పు ఎవరికుంది సార్? రావాలి," అంది.

ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఇన్నాళ్లు కుళ్ళుకున్న క్లాసులో, ఆ మౌనంలో, నేను మాట్లాడబోతున్నాను. ఆ పొద్దున సుగుణ ఆటపట్టించింది, "గిన్నొద్దులు ఆ కుర్చీ అంటే మండిపడ్డవ్. ఇయ్యాల అద్దం ముంగట గంట సేపు నిలబడ్డవ్."

పిల్లలు మంచి ప్రశ్నలే అడిగారు. రేపటి నుంచి పొద్దున ఏం చేస్తారని ఒకరు అడిగితే, "బస్సు టైముకే లేస్త, బస్సు ఎక్క," అన్నాను. నవ్వారు. నాకు హాయిగా ఉంది. అప్పుడు చివరి బెంచీలో స్వప్న లేచింది.

"సార్, మా బాపు వచ్చిననాడు గేటుకాడ మీరు కలిసిండ్రట. మేడంకు చెప్త అన్నరట. చెప్పిండ్రా?"

చెప్పను అనే హక్కు ఆ కుర్చీలో నాకుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. శ్రీవల్లి మేడం అటెండెన్స్ రిజిస్టరులోకి చూస్తోంది.

"చెప్పలేదు," అన్నాను.

"ఎందుకు సార్?"

"ఆయనను ఆపుమని కాగితం రాసిందే నేను. మీ మేడం తప్పు ఏం లేదు బిడ్డా. మీ బాపు వాచ్‌మన్ అని గూడ కాదు."

ముందు బెంచీ అబ్బాయి ఒకడు మెల్లగా అడిగాడు, "మేడం మీద కోపమా సార్?"

"కోపం కాదు, కుళ్ళు. ఈ క్లాసుకు మీరు ఉరుక్కుంట వస్తరు. నా క్లాసుకు గంట కొట్టినంక వస్తరు. అది చూడలేకపోయిన."

ఎవరూ నవ్వలేదు. ఇంకొకడు, "సార్, మీరు అప్పుడే మేడంతోని..." అని మొదలుపెట్టి, తనే ఆగి, లేచి గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. స్వప్న ఇంకా కూర్చోలేదు.

"మా బాపు ఇప్పటికి గూడ నన్ను అడుగుతడు సార్. నేనేమన్న తప్పు చేసిన్నా బిడ్డా, అందుకే రానియ్యలేదా అంటడు. ఆయనకు ఏం చెప్పాలె?"

ఇరవై రెండేళ్లలో క్లాసులో నేను జవాబు చెప్పలేని ప్రశ్న లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

"నేనే చెప్త," అన్నాను.

"ఎప్పుడు సార్?"

"ఇయ్యాలనే."

గంట కొట్టాక స్టాఫ్ రూములో శ్రీవల్లి మేడం నాకు మంచినీళ్ల సీసా అందించింది. నీకు ముందే తెలుసా అని అడిగాను.

"సర్క్యులర్ చదివిన రోజే తెలుసు సార్. సదరు వ్యక్తులు అని ఈ కాలేజీలో మీరొక్కరే రాస్తారు."

"మరి ఆ పిల్లకు చెప్పకపోతివి. రెండు నెలలు నిన్నే తప్పు పట్టింది కద."

"అది చెప్పాల్సింది నేను కాదనుకున్నాను సార్," అంది. సీసా మూత పెట్టి తన క్లాసుకు వెళ్లిపోయింది. ఇంత ఓపిక నాకు ఎందుకు లేదని అప్పుడు కూడా ఒక పక్క కుళ్ళుకుంటూనే ఉన్నాను.

అజీజ్‌నగర్‌లో

సాయంత్రం స్వప్నతో కలిసి ఆటోలో అజీజ్‌నగర్ వెళ్లాను. నర్సింలు డ్యూటీ దిగి వస్తున్నాడు. రిసార్ట్‌కు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సర్క్యులర్, సంతకం, జేబులో పెన్ను, అన్నీ.

ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"అయితే మేడం తప్పు లేదన్నట్టు," అన్నాడు.

"లేదు."

"మా పిల్ల తప్పు గూడ లేదు."

"లేదు. మీది గూడ లేదు. నాదే."

"గంతే సార్. గదే అర్థం గాక ఫికర్ చేసిన." టీ ఒక గుక్క తాగాడు. "గప్పుడు మూడు దినాలు అనుకున్న సార్, పిల్లల ముంగట ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె అని. మనంతట మనం ఏం చెప్తం? ఎవరన్న అడిగితే గద. మీరు అడుగుతరా?"

నేను బ్యాగు పక్కన పెట్టాను. మార్పుకు ఎన్ని దశలుంటాయో గడగడా చెప్పగలను, ఒక్క మామూలు ప్రశ్న రాలేదు. ఎదురుగా రిసార్ట్ గేటు కనిపిస్తోంది.

"ఆ గేటు మీ పొలంల ఏ జాగల పెట్టిండ్రు?" అని అడిగాను.

"బాయి కాడ సార్," అన్నాడు వెంటనే. "మోటరు స్టార్టర్ ఉండె చూడండ్రి, సరిగ్గ గక్కడ ఇప్పుడు నా కుర్చీ ఉన్నది. పొద్దుగాల డ్యూటీకి పోంగనే మోటరు ఏసిననా లేదా అనుకుంట. ఇప్పటికి గూడ."

స్వప్న తన తండ్రి ముఖంలోకి చూసింది. ఈ మాట ఆమె కూడా వినలేదని అర్థమైంది. ఆ తర్వాత ఆయన ఆగలేదు. పొలం అమ్మిన రోజు, మొదటిసారి యూనిఫాం వేసుకున్న రోజు, కొత్త యజమానులు వచ్చాక తన పేరు ఎవరికీ తెలియకపోవడం, అన్నీ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు నాకు సలహా ఒకటి నోటిదాకా వచ్చింది. టీతో పాటు మింగేశాను. కొట్టు అతను గ్లాసులు కడుక్కునేదాకా అక్కడే ఉన్నాం.

"మంచిగ అడిగిండ్రు సార్," అన్నాడు నర్సింలు లేస్తూ. "గా మేడం అయితే ఇంకేమేం అడుగుతుండెనో."

అక్కడ కూడా నా కడుపు మండింది. స్వప్న నావైపే చూస్తోంది.

"నాకన్న మంచిగ అడుగుతుండె," అన్నాను.